లైబ్రరీ కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్ ప్రోగ్రాములు: ఏది ఆపాలి, ఏది వదలాలి

మేడం, ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెబుతాను. పాలమూరు వైపు ఒక శాఖా గ్రంథాలయం. ఎనిమిది కంప్యూటర్లు, అన్నింట్లో విండోస్ 10 ప్రో. సర్వర్ లేదు, డొమైన్ (అన్ని కంప్యూటర్లనూ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటు) లేదు, కంప్యూటర్లు చూసే మనిషి లేడు, ఉన్నదల్లా మీరే. వచ్చే పిల్లలు పెన్‌డ్రైవ్‌లలో గేములు, సొంత బ్రౌజర్లు, పేరు తెలియని ఇంకేవో తెచ్చి నడుపుతున్నారు. ఆటోరన్ ఆపేశారు, యాంటీవైరస్ ఉంది, అయినా ఆగలేదు. పైవాళ్లేమో యూఎస్‌బీ పోర్టులే మూసేయమన్నారు. మూస్తే చదువుకునేవాళ్లు లొల్లి చేస్తారు. చేతిలో డబ్బు లేదు.

నేను నల్లగొండలో పదిహేడేళ్లుగా కాలేజీ ల్యాబులు చూస్తున్నాను. అందులో ఆరేళ్లు ఒక లైబ్రరీ కంప్యూటర్లు కూడా నా నెత్తిన పడ్డాయి. మీరు చెప్పినవన్నీ నేనూ చేసి దెబ్బతిన్నవాణ్ణే. కాబట్టి దెబ్బతిన్న చోట్లు కూడా చెబుతాను.

పోర్టులు మూయడం రెండు నిమిషాల పని. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ దగ్గర ‘స్టార్ట్’ అని ఉంటుంది, దాని అంకెను 3 నుంచి 4కి మారిస్తే పెన్‌డ్రైవ్ కనిపించడం మానేస్తుంది. కీబోర్డు, మౌస్ మామూలుగానే పనిచేస్తాయి. నేనూ చేశాను, పదకొండు రోజులు అలాగే ఉంచాను. పెన్‌డ్రైవ్ పనిచేయకపోయేసరికి అందరూ ఫైళ్లను తమకు తామే మెయిల్ చేసుకోవడం, వాట్సాప్ వెబ్ తెరవడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం లైట్లు ఆర్పే ముందు మా లైబ్రరీ ఆరు కంప్యూటర్లూ చూస్తే, మూడింట్లో ఎవరివో జీమెయిళ్లు తెరిచే ఉన్నాయి. ఒకదాంట్లో ఒకమ్మాయి ఆధార్, పదో తరగతి మెమో, ఫొటో, సంతకం వరుసగా కనిపిస్తున్నాయి. పెన్‌డ్రైవ్ అయితే జేబులో వేసుకుని పోతారు. మెయిల్ మాత్రం తెరిచింది తెరిచినట్టే వదిలేసి పోతారు. మర్నాడే పోర్టులు తెరిచేశాను. మీ పైవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి, ఒప్పుకోవచ్చు.

ఆటోరన్ ఆపినా ఫలితం లేకపోవడానికి కారణం, మీ సమస్య ఆటోరన్ కాకపోవడమే. ఆ భయం విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. అప్పట్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ ఏ ప్రోగ్రాం పేరు చెబితే అది దానంతట అదే లేచేది. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ వైరస్ పాకిన దారుల్లో ఇదీ ఒకటి. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌లకు ఆ వసతి తీసేసింది, 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ పంపి తీసేసింది. కాబట్టి మీ మెషీన్లలో అది ముందే లేదు. ఇప్పుడు ప్రోగ్రాం దానంతట అది లేవడం లేదు, కుర్చీలో కూర్చున్న మనిషి రెండుసార్లు నొక్కి లేపుతున్నాడు. యాంటీవైరస్ ఎందుకు ఊరుకుంటోందీ అంటే, పోర్టబుల్ ఫైర్‌ఫాక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే బ్రౌజర్) వైరస్ కాదు కదా. గేమూ వైరస్ కాదు. దాని దృష్టిలో అక్కడ తప్పేమీ జరగడం లేదు.

మీరు రాయలేదు గానీ ఒకటి చూడండి. పిల్లలు కూర్చునే అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ అయితే ఇకముందు నేను రాసేదంతా దండగ. చాలా చోట్ల మెషీన్ అమ్మినవాళ్లు పెట్టి వెళ్లిన ఒకే అకౌంట్ ఉంటుంది, అదే అడ్మిన్, దానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు. మీ కోసం ఒక అడ్మిన్ అకౌంట్ పెట్టి గట్టి పాస్‌వర్డ్ వేసుకోండి. పిల్లలకు ‘పాఠకులు’ అనో ఇంకేదో పేరుతో స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వండి.

స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చాక చాలామంది ‘ఇక ఏదీ ఇన్‌స్టాల్ కాదు’ అని నిశ్చింతగా ఉంటారు. నేనూ ఉన్నాను. కానీ ఆ అకౌంట్ ఆపేది ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లలో రాయడాన్ని మాత్రమే. పోర్టబుల్ ప్రోగ్రాంకి ఇన్‌స్టాలే అక్కర్లేదు, ఫోల్డర్ తెరిచి నొక్కితే చాలు. అంతెందుకు, క్రోమ్ ఇన్‌స్టాలర్‌కి అడ్మిన్ అనుమతి దొరక్కపోతే తనను తాను ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లో పెట్టేసుకుంటుంది.

తర్వాత నాకు దొరికిన సెట్టింగ్, మీకూ ఎవరైనా చెప్పే ఉంటారు. విండోస్‌కి నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, దాని కింద సిస్టమ్, అందులో రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్. అక్కడ రిమూవబుల్ డిస్కులకు ఎగ్జిక్యూట్ నిషేధించే వరుస ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు చదువుకోవచ్చు, రాసుకోవచ్చు, ప్రోగ్రాం మాత్రం అక్కడి నుంచి నడవదు. అబ్బ, ఇదే కదా కావాల్సింది అనుకున్నాను.

సాయంత్రం నాలుగు గంటలకు డిగ్రీ చదివే ఒక పిల్లవాడు వచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టి గేమ్ మీద నొక్కాడు, అనుమతి లేదని వచ్చింది. నేను వెనక నిలబడి లోలోపల మురిసిపోతున్నాను. వాడు ఒక్క క్షణం తల గోక్కున్నాడు. ఫోల్డర్ మొత్తం పట్టుకుని డెస్క్‌టాప్ మీదికి లాగాడు, ఆకుపచ్చ గీత నిండింది, నొక్కాడు, గేమ్ లేచింది. నన్ను చూసి, “సార్, నేనేం చెయ్యలే, కాపీ చేసిన, అంతే” అన్నాడు. వాడన్నది నిజమే. వాడు ఏ తాళమూ పగలగొట్టలేదు. నేను ముందు తలుపుకి తాళం వేసి వెనక తలుపు బార్లా తెరిచి పెట్టాను.

ఆ రోజు నాకు బుర్రకెక్కింది ఇదీ: ‘ఇక్కడి నుంచి నడవకూడదు’ అని రాసుకుంటూ పోతే ఆ లిస్టుకు అంతుండదు. పెన్‌డ్రైవ్ ఆపితే డెస్క్‌టాప్, డెస్క్‌టాప్ ఆపితే డౌన్‌లోడ్స్, అదీ ఆపితే ఐఎస్ఓ ఫైల్. ఐఎస్ఓ అంటే సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసినది, విండోస్ 8 నుంచి దాని మీద రెండుసార్లు నొక్కితే కొత్త సీడీ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. కాబట్టి తిరగేసి రాయాలి: ‘ఫలానా రెండు చోట్ల నుంచి మాత్రమే నడవాలి, మిగతా లోకం నుంచి ఏదీ నడవకూడదు’ అని. ఆ రెండు చోట్లు ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్. మామూలు యూజర్ రాయలేనివీ అవే కదా. రాయగలిగిన చోట నడపకూడదు, నడపగలిగిన చోట రాయకూడదు. ఎనిమిది మెషీన్లకూ ఈ ఒక్క సూత్రం చాలు.

దీన్ని అమలు చేసేది యాప్‌లాకర్, మీ విండోస్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. పాత వ్యాసాల్లో ప్రో ఎడిషన్‌లో యాప్‌లాకర్ పనిచేయదని కనిపిస్తుంది. ఒకప్పుడు అది నిజం. రూల్స్ రాసుకోగలిగేవాళ్లం గానీ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో తప్ప అమలయ్యేవి కావు. విండోస్ 10 వెర్షన్ 2004 (అది వెర్షన్ అంకె, సంవత్సరం కాదు), ఆ పైవాటికి తర్వాత వచ్చిన అప్‌డేట్లతో అన్ని ఎడిషన్లలోనూ అమలవుతోంది. మీ మెషీన్లకు అప్‌డేట్లు ఎక్కి ఉండాలి, అంతే. అవే వ్యాసాల్లో సాఫ్ట్‌వేర్ రిస్ట్రిక్షన్ పాలసీ అని ఇంకోటి కనిపిస్తుంది, ఎక్స్‌పీతో వచ్చినది. విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కన పెట్టేసింది. దాని జోలికి వెళ్లొద్దు.

పని ఇలా. అడ్మిన్‌గా లాగిన్ అయ్యి లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరవండి. అప్లికేషన్ కంట్రోల్ పాలసీస్ కింద యాప్‌లాకర్ ఉంటుంది. అందులో నాలుగు గదులు: ఎగ్జిక్యూటబుల్ (మామూలు ప్రోగ్రాములు), విండోస్ ఇన్‌స్టాలర్, స్క్రిప్ట్ (వరుసగా కమాండ్లు రాసిన ఫైళ్లు), ప్యాకేజ్డ్ యాప్. ఒక్కోదాని మీద కుడి బటన్ నొక్కి డిఫాల్ట్ రూల్స్ పెట్టమనండి. నేను చెప్పిన రెండు ఫోల్డర్ల రూల్, అడ్మిన్లకు అన్నీ నడిచే రూల్ వాటంతట అవే వచ్చేస్తాయి.

నాలుగు గదుల్లోనూ పెట్టమని ఎందుకంటున్నానంటే, నేను మొదటిసారి ఒక్క ఎగ్జిక్యూటబుల్ గదిలోనే పెట్టి, నేరుగా అమలు మొదలుపెట్టి ఇంటికి వెళ్లిపోయాను. పొద్దున తొమ్మిదింటికి ఫోన్. క్యాలిక్యులేటర్ తెరుచుకోవడం లేదు, ఫొటోలు తెరుచుకోవడం లేదు, ‘మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఆపారు’ అంటోంది. ఇవన్నీ స్టోర్ పద్ధతి యాప్‌లు, ప్యాకేజ్డ్ గదిలోకి వస్తాయి. ఎగ్జిక్యూటబుల్ రూల్స్ ఉండి ప్యాకేజ్డ్ గది ఖాళీగా ఉంటే విండోస్ వాటన్నింటినీ ఆపేస్తుంది. అప్పటికి గ్రంథాలయ వారోత్సవాలు ఇంకో రెండు రోజులు, నవంబర్ 14న అతిథులు వస్తారు. ఆ టెన్షన్ మీకొద్దు.

అందుకే మొదట ‘ఆడిట్ ఓన్లీ’లో పెట్టండి. అంటే ఏదీ ఆగదు, ఆగాల్సినవి మాత్రం రాసుకుంటుంది. ఒక చిక్కు ఉంది: ఇదంతా పనిచేయాలంటే అప్లికేషన్ ఐడెంటిటీ అనే సర్వీస్ నడుస్తుండాలి. విండోస్ 10లో సర్వీసుల కిటికీలోంచి దాన్ని ఆటోమేటిక్‌గా మార్చబోతే ఒప్పుకోదు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌సీ కాన్ఫిగ్’ కమాండ్‌తో మార్చాలి. ఇది మరిచిపోయి ‘రూల్స్ పెట్టాను, ఏమీ ఆగడం లేదు’ అనేవాళ్లు నా దగ్గరికి నెలకు ఒక్కరైనా వస్తారు.

రెండు వారాలు ఆగి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. మైక్రోసాఫ్ట్, విండోస్, యాప్‌లాకర్ అని లోపలికి వెళ్తే లిస్టు ఉంటుంది. 8003 అంకె ఉన్న వరుస అంటే ‘అమల్లో ఉండి ఉంటే దీన్ని ఆపేవాణ్ణి’ అని అర్థం. అమలు మొదలయ్యాక నిజంగా ఆపినప్పుడు అదే 8004 అవుతుంది. నా లిస్టులో అన్నింటికంటే పైన ఉన్నది వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం). ప్రతి యూజర్ సొంత ఫోల్డర్‌లోంచి లేవడం దానికి అలవాటు, లైబ్రరీలో ఆగిపోయినా నష్టం లేదు. తర్వాత గేములు. ఆ తర్వాత నేను ఊహించనిది, మా ప్రింటర్‌తో వచ్చిన సహాయక ప్రోగ్రాం ఒకటి. అది ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లోంచి నడుస్తోంది. ఆపితే స్కానింగ్ ఆగిపోతుంది. ఇలాంటప్పుడు ‘ప్రోగ్రామ్‌డేటా మొత్తం అనుమతి’ అని రాయకండి, అక్కడ మామూలు యూజర్ కూడా ఫైళ్లు పెట్టగలడు. ఆ ఒక్క ప్రోగ్రాంకి దాని కంపెనీ డిజిటల్ సంతకంతో పబ్లిషర్ రూల్ రాయండి. అలాగని ‘సంతకం ఏదున్నా చాలు’ అని కూడా రాయకండి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చే బ్రౌజర్లకూ సంతకాలుంటాయి.

డిఫాల్ట్ రూల్స్‌లో చిల్లులున్నాయి, అవి పూడ్చాలి. ఇన్‌స్టాలర్ గదిలో ‘సంతకం ఉన్న ఇన్‌స్టాలర్ ఫైల్ ఏదైనా అందరికీ అనుమతి’ అని ఒక రూల్ తయారై వస్తుంది. దాన్ని తీసేయండి. ఇక విండోస్ ఫోల్డర్‌లో యూజర్ రాయలేడన్నాను గదా, అందులోనే కొన్ని మూలల్లో రాయగలడు: టెంప్, టాస్క్స్, ట్రేసింగ్, ఇంకా సిస్టమ్ 32 లోపల స్పూల్, డ్రైవర్స్, కలర్ అని లోపలికి వెళ్తే వచ్చేది. గేమ్‌ని తెచ్చి విండోస్ టెంప్‌లో వేస్తే మీ రూల్ తలూపి వదిలేస్తుంది. విండోస్ ఫోల్డర్ రూల్ తెరిచి, ఎక్సెప్షన్స్‌లో ఈ మూలలన్నీ చేర్చండి. ఇంకా ఎక్కడైనా రాసే వీలుందేమో వెతకడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లదే యాక్సెస్‌చెక్ అని చిన్న ఉచిత పనిముట్టు ఉంది. డీఎల్ఎల్ (ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైళ్లు) రూల్స్ అని ఇంకో గది దాచి ఉంటుంది, దాన్ని తెరవకండి. లైబ్రరీకి దానివల్ల వచ్చే లాభం కంటే నెమ్మదితనమే ఎక్కువ.

స్క్రిప్ట్ గదిని తేలిగ్గా తీసుకోవద్దు. షార్ట్‌కట్ వైరస్ పేరు మీరు వినే ఉంటారు, జిరాక్స్ షాపుల పుణ్యమా అని మన దగ్గర దానికి చావు లేదు. 2023 జూన్ నెలాఖరు, గ్రూప్-4 హాల్ టికెట్ల రోజులు. ఒకబ్బాయి ముఖం వాడిపోయి వచ్చి, పెన్‌డ్రైవ్‌లో తన ఏడాది నోట్స్ పోయిందన్నాడు. పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ అవే పేర్లతో ఉన్నాయి, కానీ ఒక్కోదాని మూలన చిన్న బాణం గుర్తు, సైజు ఒకటి రెండు కేబీలు. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. నొక్కితే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి చాలా రోజులు అనుమానమే రాదు. దాంతోపాటు వెనకాల ఒక విజువల్ బేసిక్ స్క్రిప్ట్ నడిచి, మెషీన్‌లో కూర్చుని, తర్వాత పెట్టే ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అదే గతి పట్టిస్తుంది. అంటే ఆ అబ్బాయికీ, అతనికి ముందు ఆ కుర్చీలో కూర్చున్న అందరికీ మా మెషీన్ నుంచే అంటించాం. అప్పటికి నేను ఆ లైబ్రరీలో ఎగ్జిక్యూటబుల్ రూల్స్ పెట్టి, స్క్రిప్ట్ గదిని తర్వాత చూద్దామని వదిలేశాను. స్క్రిప్ట్‌ను నడిపేది విండోస్ సొంత ప్రోగ్రామే కాబట్టి ఎగ్జిక్యూటబుల్ రూల్‌కి అందులో తప్పు కనిపించలేదు.

నోట్స్ పోలేదు. వైరస్ అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ గుర్తులు పెట్టి దాస్తుంది, అంతే. యాట్రిబ్ కమాండ్‌తో ఆ గుర్తులు తీసేస్తే అన్నీ తిరిగొస్తాయి. ఇంకా సులువైన పద్ధతి, మీ బల్ల దగ్గర ఒక పాత మెషీన్‌లో విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి పెట్టుకోండి. అక్కడ పెన్‌డ్రైవ్ పెడితే ఆ గుర్తులను అది పట్టించుకోదు, ఫోల్డర్లు మామూలుగా కనిపిస్తాయి, స్క్రిప్ట్ ఏదో కూడా కనిపిస్తుంది, చెరిపేయొచ్చు. అబ్బాయి ఫోల్డర్లు తెరిచి ఒక్కో పీడీఎఫ్ చూసుకుంటుంటే, టీ తాగొస్తానని చెప్పి బయటికి వెళ్లి కాసేపు నిలబడ్డాను. తప్పు నాది కదా.

స్క్రిప్ట్ రూల్స్ పెట్టాక బ్యాచ్ ఫైళ్లు, విజువల్ బేసిక్, జావాస్క్రిప్ట్, పవర్‌షెల్ ఫైళ్లు ఆ రెండు ఫోల్డర్ల బయట నడవవు. హెచ్‌టీఏ అనే రకం మాత్రం ఈ గదిలోకి రాదు, దాన్ని నడిపే ఎంఎస్‌హెచ్‌టీఏ ప్రోగ్రాంని ఎగ్జిక్యూటబుల్ గదిలో డినై చేయండి. ఎవరికోసమో జావా, పైథాన్ వేసి ఉంటే, ఎవరూ వాడకపోతే తీసేయండి. వాటి గుండా ఏదైనా నడపొచ్చు.

ఒక మెషీన్‌లో అన్నీ కుదిరాక మిగతా ఏడింట్లో మళ్లీ కొట్టక్కర్లేదు. యాప్‌లాకర్ మీద కుడి బటన్ నొక్కితే పాలసీని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, అవతల ఇంపోర్ట్ చేసుకోండి. ఒక చిన్న సంగతి, మీరు అడ్మిన్‌గా లాగిన్ అయినా పెన్‌డ్రైవ్‌లోంచి ఏదైనా నడపబోతే మిమ్మల్నీ ఆపుతుంది. కంగారు పడొద్దు, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని నడిపితే వదులుతుంది.

ఇంతవరకూ ఆపడం. ఇప్పుడు నేను ఆలస్యంగా అడిగిన ప్రశ్న: వీళ్లు ప్రోగ్రాములు ఎందుకు మోసుకొస్తున్నారు? ఆ 8003 లిస్టు దగ్గర పెట్టుకుని ఒక వారం వచ్చినవాళ్లను కసరకుండా అడిగాను. గేములు సగం కూడా లేవు.

ఇద్దరు తెలుగు టైపింగ్ కోసం తెస్తున్నారు. మా మెషీన్లలో తెలుగు కీబోర్డే పెట్టలేదు! విండోస్ 10లో ఇన్‌స్క్రిప్ట్ ఎప్పటి నుంచో ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు వెర్షన్ 1903 నుంచి ఉంది. లాంగ్వేజ్ సెట్టింగుల్లో రెండూ చేర్చాను, అయిదు నిమిషాల పని. కొందరు ఫొటో, సంతకం సైజు తగ్గించే ప్రోగ్రాం తెస్తున్నారు. అప్లికేషన్ ఫారం ఏదైనా ఫొటో ఇన్ని కేబీలు దాటొద్దు అంటుంది కదా. పెయింట్‌లో రీసైజ్ ఎలాగో చూపించే కాగితం ఒకటి తెలుగులో రాసి ప్రతి మానిటర్ పక్కన అతికించాం. ఇంకొందరికి పీడీఎఫ్‌లు కలపడం, విడదీయడం కావాలి. దానికి ఒక ఉచిత ప్రోగ్రాం మేమే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వేశాం.

ఇక సొంత బ్రౌజర్ తెచ్చినవాళ్లలో ఒకమ్మాయి జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. “సార్, మీ బ్రౌజర్ల వేరేవాళ్ల పాస్‌వర్డ్‌లు కనిపిస్తున్నయి. నావి కూడా గట్లనే కనిపిస్తయి కదా?” అంది. ఆ గదిలో సెక్యూరిటీ గురించి ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే. మేం ఆమెను నేరస్తురాలిలా ఆపుతున్నాం. టీజీపీఎస్సీ ఓటీఆర్ (ఉద్యోగ పరీక్షల రిజిస్ట్రేషన్) వివరాలు, ఆధార్ నంబర్, ఫోన్ నంబర్, అన్నీ కొట్టేది ఆ బ్రౌజర్‌లోనే. అందుకని సొంత బ్రౌజర్‌ను ఆపే ముందు మన బ్రౌజర్‌ను నమ్మదగినదిగా చేయాలి. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం పాలసీతోనే ఆపేయండి, మూయగానే చరిత్ర, కుకీలు చెరిగిపోయేలా పెట్టండి.

దీనికంటే మంచిది, మనిషి లేవగానే ఆ అకౌంటే చెరిగిపోవడం. ఎక్స్‌పీ కాలంలో మైక్రోసాఫ్ట్ స్టెడీస్టేట్ అని ఉచితంగా ఇచ్చేది, లైబ్రరీల కోసమే చేసినట్టుండేది. 2010 చివర్లో ఆపేశారు, ఆ కోపం నాకు ఇంకా పోలేదు. డబ్బుంటే డీప్ ఫ్రీజ్ కొనొచ్చు, రీస్టార్ట్ చేయగానే డిస్క్ పాత స్థితికి వస్తుంది. విండోస్‌లోని యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ ఆ పని చేస్తుంది గానీ ప్రోలో దొరకదు. మీకు పనికొచ్చేది షేర్డ్ పీసీ మోడ్, అది ప్రోలో ఉంది. లాగిన్ తెరమీద గెస్ట్ బటన్ వస్తుంది, సైన్ అవుట్ కాగానే ఆ అకౌంట్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్‌తో సహా పోతుంది. విండోస్ కాన్ఫిగరేషన్ డిజైనర్ అనే ఉచిత పనిముట్టుతో ఒక ప్యాకేజీ చేసి ఎక్కించాలి. ముందు ఒకే మెషీన్‌లో చేసి వారం చూడండి. ‘లేచేలోపు మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి’ అని పెద్ద అక్షరాల్లో రాసిపెట్టండి. మొదటి రోజు ఎవరో ఒకరు మరిచిపోతారు, మీతో గొడవ పడతారు. ఇవి యాప్‌లాకర్‌కి బదులు కాదు, తోడు. చెరిగేది మనిషి లేచాక, చెడు జరిగేది కూర్చున్నప్పుడు.

విండోస్‌ను ఎంత బిగించినా, పెన్‌డ్రైవ్‌లోంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌నే లేపితే అవన్నీ పక్కకు పోతాయి. మెషీన్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ కొట్టడం ఇప్పుడు ఇంటర్ పిల్లలకూ తెలుసు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మెషీన్ సెట్టింగుల్లో) యూఎస్‌బీ బూట్ ఆపి, బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. బూట్ మెనూ కీ కూడా పాస్‌వర్డ్ అడుగుతోందో లేదో కొట్టి చూడండి. కొన్నింట్లో అది విడిగా ఉంటుంది. చాలా డెస్క్‌టాప్‌లలో లోపలి బ్యాటరీ తీస్తే బయోస్ పాస్‌వర్డ్ పోతుంది, కాబట్టి క్యాబినెట్‌కి తాళం వేయండి, లేదా వెనక భాగం గోడకు ఆనించి బిగించండి. ముందున్న పోర్టులు మాత్రం పాఠకులకు. పొద్దున తెరిచేటప్పుడు కీబోర్డు వైరు చివర కొత్త బుడిపె ఏదైనా ఉందేమో ఒక చూపు వేయండి. కొట్టిన ప్రతి అక్షరాన్నీ రాసుకునే వస్తువులు ఉన్నాయి, వాటిని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. పెన్‌డ్రైవ్ రూపంలో ఉండి తాను కీబోర్డునని చెప్పుకునే వస్తువులూ ఉన్నాయి. అవి కమాండ్లు టైప్ చేసినా, స్టాండర్డ్ అకౌంట్, యాప్‌లాకర్ ఉంటే చేయగలిగింది కొంచెమే.

చివరిగా విండోస్ 10 సంగతి. 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైకి. అందులోనూ యాప్‌లాకర్ ఇలాగే పనిచేస్తుంది, మీరు చేసిన పని వృథా కాదు. ఎక్కని మెషీన్లలో లినక్స్ మింట్ వేయండి. పిల్లలు తెచ్చే విండోస్ గేములు అక్కడ అసలు లేవవు, ఫారాలు నింపడానికి బ్రౌజర్ సరిపోతుంది. ఇక్కడ కూడా పెన్‌డ్రైవ్‌ను నోఎగ్జెక్ (అక్కడి నుంచి ప్రోగ్రాం నడవనివ్వనిది) అనే ఆప్షన్‌తో తెరిచేలా పెట్టొచ్చు, కానీ యూజర్ సొంత హోమ్ ఫోల్డర్‌కి కూడా అదే పెట్టకపోతే మా డిగ్రీ పిల్లవాడి కథ మళ్లీ మొదటికొస్తుంది.

రాబోయే సెలవు రోజున రెండు పనులు చేయండి చాలు: పిల్లల అకౌంట్‌ను స్టాండర్డ్‌గా మార్చడం, ఒక మెషీన్‌లో యాప్‌లాకర్‌ను ఆడిట్‌లో పెట్టడం. పదిహేను రోజుల తర్వాత 8003 వరుసల్లో అర్థం కాని పేర్లుంటే, అవి ఏ ఫోల్డర్‌లోంచి నడిచాయో కూడా కలిపి రాసి పంపండి. ఫోల్డర్ పేరు లేకుండా పంపితే నేనూ ఊహించడమే.